41 రోజులు చుక్క ముట్టనోడు 42వ రోజు ఎందుకు తాగుతాడు

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇదీ. మీ ఆయన ఏటా అయ్యప్ప మాల వేస్తాడు, 41 రోజులు చుక్క ముట్టడు, కొండకి వెళ్లొచ్చి మాల తీసిన రోజు రాత్రికే మొదలెడతాడు. పోయినేడు డీఅడిక్షన్ సెంటర్లో 90 రోజులు పెట్టారు, వచ్చిన మూడు వారాలకి మళ్లీ అదే కథ. "41 రోజులు ఉండగలిగినోడికి 42వ రోజు ఏం వచ్చింది, దేవుడంటే భయం ఉంది, నేనంటేనే లెక్క లేదు, అంతే కదా అన్నా" అన్నారు.

అంత కాదమ్మా. ఆయన్ని వెనకేసుకొచ్చి చెప్పట్లేదు, నేను కూడా ఆ బాపతే కాబట్టి లోపల ఏం జరుగుద్దో తెలిసి చెప్తున్నా. నేను డాక్టర్ని కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసినోడ్ని, 17 ఏళ్లు తాగినోడ్ని. ఆరు సార్లు మాల వేశా, ఆరు సార్లూ మీ ఆయన లాగే. రెండు సార్లు సెంటర్లకి వెళ్లొచ్చా, ఒకసారి 14 నెలలు పూర్తిగా మానేసి మళ్లీ పడ్డా. 2013 నుంచి ముట్టలా. అప్పట్నుంచీ మానాలనుకుని వచ్చేవాళ్ల పక్కన కూర్చుని వినడమే నా సాయంత్రాల పని అయిపోయింది. కొన్ని వందల మందిని చూసుంటా, పడటంలో మాత్రం అందరిదీ దాదాపు ఒకే దారి.

మానడం వేరు, మానేసి ఉండటం వేరు. తాగుబోతులకి మానడం బ్రహ్మాండంగా వచ్చు, నేనైతే వారానికోసారి మానేవాడ్ని, మా పెద్దమ్మాయి తల మీద ఒట్టేసి కూడా మానా. చేతకానిది రెండోది.

ఇప్పుడు మాల సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు కావాల్సిన జవాబు అందులోనే ఉంది. మాల వేసిన పొద్దు నుంచి రోజంతా మారిపోద్ది. చీకటితో లేచి చన్నీళ్ల స్నానం, పూజ, నల్ల బట్టలు, కాళ్లకి చెప్పుల్లేవు, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం మళ్లీ స్నానం మళ్లీ పూజ, ఎవరింట్లోనో పడిపూజ ఉంటే అక్కడ భజన, రాత్రి ఏదో అల్పాహారం, నేల మీద చాప. ఇందులో సాయంత్రం 6 నుంచి 10 లోపల ఒక్క అరగంట ఖాళీ ఎక్కడుందో వెతకండి చూద్దాం. ఉండదు. తాగేవాడికి గండం ఆ నాలుగ్గంటలే, మాల దాన్ని మొత్తం మింగేస్తుంది.

ఇంకా పిలుపు ఉంది. నిన్నటిదాకా ఆయన్ని బజార్లో ఎట్టా పిలిచేవాళ్లో మీకు తెలుసు, నేను రాయక్కర్లా. ఇవాళ చిన్నాపెద్దా అందరూ స్వామీ అంటారు, అప్పులోడు కూడా స్వామీ డబ్బులెప్పుడిస్తారు అని అడుగుతాడు, తిట్టడు. ఎవరైనా గౌరవంగా చూస్తే దాన్ని చెడగొట్టుకోబుద్ధి కాదు మనిషికి. ఇక ఫ్రెండ్స్, మామూలు రోజుల్లో ఒక్క పెగ్గు ఏం కాదురా అని చెయ్యి పట్టి లాగేవాళ్లే మాల చూసి స్వామీ మీరు ఇటు రాకూడదు పొండి అంటారు, వైన్ షాపోడు కూడా బాటిల్ ఇవ్వడానికి జంకుతాడు. 'వద్దు' అనే మాట ఆయన నోటితో అనాల్సిన పనే లేదు, మెళ్లో ఉన్న తులసి మాలే అంటుంది. ఇది చాలా పెద్ద విషయం అమ్మా, తాగే బ్యాచ్ మధ్యలో 'వద్దు' అనడం ఎంత కష్టమో ఎప్పుడూ తాగనోళ్లకి తెలీదు, సంజాయిషీ చెప్పుకోవాలి, పెళ్లానికి భయపడ్డావా అంటారు, ఆ ఒక్క మాటకి పడిపోయినోళ్లని ఎంతమందిని చూశానో.

దీనంతటి మీదా 41 అనే లెక్క ఒకటి. చివరి రోజు ఏదో తెలుసు కాబట్టే అన్ని రోజులు లాగగలిగేది. నేను అయిదోసారి మాల వేసినప్పుడు 30వ రోజు దాటాక రోజులు లెక్కపెట్టడం మొదలెట్టా, ఇరుముడి నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కుతూ తిరుగు రైలు ఎన్నింటికి చేరుద్ది, అప్పటికి షాపు తెరిచుంటుందా మూసుంటుందా అని లెక్కేశా. పాపమైతే పాపం, జరిగింది అదే. నోరు శరణం అంటా ఉంది, మనసు టైమ్ టేబుల్ చూసుకుంటా ఉంది. అంటే నేను మానలేదు, వాయిదా వేశా. చిట్టీ మధ్యలో పాడుకోకుండా ఆఖరి నెల దాకా ఆగి మొత్తం ఒకేసారి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నా.

కాబట్టి ఆయనకి గట్టి మనసు లేదనేది తప్పు, లేకపోతే రెండో రోజే పడేవాడు. కాకపోతే ఆ బరువు ఆయన ఒక్కడే మోయలా, సగం పైన మాల మోసింది. మాల తీసి పీఠం దగ్గర పెట్టిన గంటలో స్నానం పోయింది, భజన పోయింది, స్వామీ అనే పిలుపు పోయింది, 'వద్దు' అనే నోరు పోయింది. 42వ రోజు సాయంత్రం ఆరింటికి ఆయన ఎక్కడుండాలి ఎవరితో ఉండాలి అనేది ఆయనా అనుకోలేదు, మీరూ అనుకోలేదు, గురుస్వామి అయితే అసలే అనుకోడు, ఆయన పని అయిపోయింది.

సెంటర్ కూడా ఇంతే, గోడలున్న మాల. నేను మొదటిసారి వెళ్లిన చోట గేటుకి తాళం, ఫోన్ లేదు, డబ్బు లేదు, టైముకి తిండి, టైముకి నిద్ర. 90 రోజులు హాయిగా ఉన్నా, బరువు పెరిగా, మా ఆవిడ చూసి ఏడ్చేసింది సంతోషంతో. బయటికి పంపేటప్పుడు ఒక సర్టిఫికెట్ లాంటిది, ఇంక తాగకు అనే ఒక మాట. ఆటో మా సందు మలుపు తిరగంగానే ఎడం పక్కన అదే షాపు, అదే ఇనప జాలీ, అదే మనిషి. తాగుడు నేర్చుకున్న ఊళ్లోనే తాగకుండా ఉండటం నేర్చుకోవాలి, దాన్ని వేరే ఊళ్లో గోడల మధ్య నేర్పిస్తే సగమే వస్తుంది.

ఆ మాటకొస్తే మా నాన్నకి ప్రభుత్వమే మాల వేసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ ఆడవాళ్లూ మొదలెట్టిన సారా ఉద్యమం మీరు వినే ఉంటారు, దాంతో 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం మద్యమే ఆపేశాడు. మా నాన్న ఆ రెండేళ్లూ మనిషిలా ఉన్నాడు, మా అమ్మ ఆ రోజుల్ని ఇప్పటికీ తల్చుకుంటుంది. 1997లో నిషేధం ఎత్తేశారు, మొదటి వారంలోనే మొదలెట్టాడు. నిషేధం మంచిదా చెడ్డదా అనే గొడవ నాకొద్దు, షాపు దూరంగా ఉంటే తాగుడు తగ్గుద్ది అని మాత్రం మా ఇంట్లో కళ్లారా చూశా, షాపు తిరిగొచ్చే రోజుకి మనిషి లోపల ఏదీ తయారుగా లేకపోతే ఏమవుద్దో కూడా చూశా.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. 1970ల మొదట్లో వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరు అక్కడ హెరాయిన్ కి బానిసయ్యారు. వీళ్లంతా ఇంటికొస్తే దేశం ఏమైపోద్దో అని అమెరికా ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లు తిరిగొచ్చాక వెతుక్కుంటూ వెళ్లి పరీక్షలు చేసి చూస్తే, అక్కడ బానిసైనోళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలోపు మళ్లీ అలవాటులో పడింది నూటికి అయిదుగురే. ఎవరూ నమ్మలేదు మొదట. హెరాయిన్ అంటే అంత చెడ్డది కదా, మరెట్టా? వాళ్లకి ఆ అలవాటు యుద్ధం చోట అంటుకుంది, ఆ అడవి ఆ భయం ఆ దోస్తులు ఆ అమ్మేవాళ్లు అందరూ అక్కడే ఉండిపోయారు, వీళ్లు వేరే చోటికి వచ్చేశారు. మన వాళ్లది ఉల్టా. సెంటర్ నుంచి యుద్ధం జరిగే చోటికే తిరిగొస్తారు.

చోటు అంటే షాపు ఒకటే కాదు, ఇక్కడ ఇంట్లో వాళ్లు ఎప్పుడూ పొరబడతారు. యార్డులో కాటాలు అయిపోయి లెక్కలు తేలేసరికి సాయంత్రం అయ్యేది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తిన లారీ వెనక నీడలో నలుగురం చేరేవాళ్లం. ఒకడు వాటర్ ప్యాకెట్ మూల పళ్లతో కొరికి గ్లాసులో పోసేవాడు. మానేసిన ఎనిమిది నెలలకి మా బంధువుల ఇంట్లో అన్నప్రాసనకి వెళితే భోజనాల దగ్గర ఒక పిల్లాడు వాటర్ ప్యాకెట్ పళ్లతో కొరికాడు. ఆ చిన్న చప్పుడుకి నాకు నోట్లో నీళ్లూరినాయి, అరచేతులు చెమట పట్టినాయి, గుండె దడ. ఎదురుగా ఉన్నది పప్పూ గోంగూర అన్నం. పావ్లోవ్ అనే రష్యా ఆయన కుక్కకి కూడు పెట్టే ముందు చప్పుడు చేసి చేసి చివరికి చప్పుడుకే చొంగ కార్చేట్టు చేశాడని బళ్లో చదివుంటారు, ఆ కుక్కని నేనే. మిర్చి ఘాటుకి అందరికీ తుమ్మొస్తుంది, నాకు దాహం వేసేది. మీ ఆయనకి అదేంటో మీకు తెలీకపోవచ్చు, ఆయనకే తెలీకపోవచ్చు. ఉప్పుశనగల వాసన కావచ్చు, జీతం పడిన మెసేజ్ చప్పుడు కావచ్చు, ఆదివారం మాంసం కూర ఉడికే వాసన కావచ్చు. ఇది మనసు చెడ్డదై రావట్లేదు, ఏళ్ల తరబడి తర్ఫీదు అయిన ఒళ్లు దానంతటది చేస్తుంది. ఆ దడ ఇరవై నిమిషాలో అరగంటో ఉండి పోద్ది. పోద్దని తెలిసినోడు ఆగుతాడు, ఇక జన్మంతా ఇట్టాగే ఉంటుందనుకున్నోడు వెళ్లి తాగేస్తాడు.

ఒళ్లు సంగతి ఇంకోటి. తాగుడు ఆపిన వారంలో వణుకు తగ్గాక అందరూ గండం గడిచింది అనుకుంటారు, నిద్ర మాత్రం నెలల తరబడి సరిగా రాదు. చిన్నదానికి చిరాకు, దేని మీదా ఇష్టం ఉండదు, టీవీ చూడబుద్ధి కాదు, కూర రుచి తెలీదు. ఇంట్లో వాళ్లకేమో వీడు మానేశాక ఇంకా ముక్కోపి అయ్యాడేంటి అనిపిస్తుంది. నేను మానిన రెండో నెల్లో మా ఆవిడ విసుగొచ్చి "నువ్వు తాగినప్పుడే నయం" అంది. తను ఏదో కోపంలో అంది, నేను మాత్రం ఆ మాటని దాచుకున్నా, పడటానికి పనికొచ్చుద్దని. తాగుబోతు మనసు ఇట్టాంటి మాటలు ఏరుకుని దాచుకుంటుంది, మీరు కోపం తెచ్చుకోకండి, మీ తప్పు అనట్లేదు.

ఇప్పుడు నా 14 నెలల కథ చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి.

2012 ఎండాకాలం, మిర్చి సీజన్ పీక్ లో ఉంది. మా ఓనర్ సీజన్ బోనస్ కింద 12 వేలు చేతిలో పెట్టాడు, ఆ సాయంత్రం తాగా. ఇంట్లో అందరూ డబ్బులు చేతికి రావడం వల్లే అన్నారు, నేనూ అదే అన్నా చాలాకాలం. తర్వాత ఒక పెద్దాయన, నాకంటే ముందు మానినాయన, నన్ను కూర్చోబెట్టి వెనక్కి నడిపించాడు. దానికి ముందు రోజు ఏం చేశావు, దానికి ముందు వారం ఏం చేశావు అని. నడిస్తే తేలింది ఏంటంటే, దానికి రెండు నెలల ముందు నుంచే పడుతున్నా. తాగి మానేసినోళ్ల గురువారం మీటింగ్ కి వెళ్లేవాడ్ని, లారీలు ఎక్కువయ్యాయని మానేశా. రాత్రి నాలుగు గంటలే నిద్ర. మా అన్నతో పొలం గట్టు గురించి మాటామాటా అనుకున్నాం, ఎవరికీ చెప్పలా, లోపలే ఉడికా. అంతకుముందు ఇంటికి చుట్టు తిరిగి వెళ్లేవాడ్ని షాపు తగలకుండా, పెట్రోల్ దండగ అని దగ్గర దారిలో పోవడం మొదలెట్టా. ఇది నాకు నేను చెప్పుకున్న కారణం, నిజంగానే నమ్మా, నెలకి ఎంత ఆదా అవుద్దో లెక్క కూడా వేశా గుమాస్తాని కదా. ఆ తర్వాత పాత బ్యాచ్ దగ్గర ఆగా, మీరు కానివ్వండిరా నాకు థమ్స్ అప్ చాలు అని. వాళ్ల మంచింగ్ తిన్నా. ఒక రోజు వాళ్లకి నేనే గ్లాసుల్లో పోశా, సమానంగా, పోయడంలో నా చెయ్యి ఎంత బాగుందో మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత పదకొండో రోజు బోనస్ వచ్చింది. ఆ రోజు ఒక్కడు కూడా నన్ను తాగమనలేదు అమ్మా, నేనే గ్లాసు ముందుకి తోశా.

పెగ్గు ఆఖరి మెట్టు. కిందికి దిగడం మొదలైంది ఎప్పుడో, ప్రతి మెట్టు దగ్గరా ఒక మంచి కారణం ఉంది, పని, పెట్రోల్, స్నేహం. అలన్ మార్లాట్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు ఉండేవాడు, మళ్లీ పడటం మీదే జీవితమంతా పని చేసినాయన, చూడటానికి సంబంధం లేనట్టు ఉండే ఇట్టాంటి చిన్న చిన్న నిర్ణయాల గురించి ఆయన బాగా రాశాడు. ఏ సమయాల్లో పడుతున్నారు అని వెతికితే ఆయనకి ముందు తగిలినవి మూడు, మనసు బాగోకపోవడం, ఇంట్లోనో బయటో గొడవ, పక్కనోళ్ల బలవంతం. నాకు మూడోది కూడా అక్కర్లేకపోయింది, మొదటి రెండూ చాలు.

సంతోషం కూడా పడేస్తుంది, దీన్ని మర్చిపోతారు. కొడుక్కి సీటొచ్చింది, పంటకి రేటొచ్చింది, బాకీ వసూలైంది. బాధలో ఉన్నాడని కాపలా కాసే ఇల్లు సంతోషంగా ఉన్న రోజు కాపలా వదిలేస్తుంది.

తాగిన తర్వాత జరిగేది ఇంకా ముఖ్యం. ఆ రోజు నేను తాగింది ఒక క్వార్టర్. అక్కడితో ఆగి ఇంటికెళ్లి చెప్పేస్తే అయిపోయేది. ఆగలా, ఎందుకంటే లోపల ఒకడు "14 నెలలు పోయినాయి, ఎలాగూ పోయింది, ఇక ఎంతైతే ఏంటి" అన్నాడు. ఉపవాసం ఉన్నోడు పొరపాటున ఒక బజ్జీ తిని, ఎలాగూ చెడింది కదా అని ప్లేటంతా లాగించినట్టు. మార్లాట్ దీన్ని కూడా పట్టుకున్నాడు, మొదటి గ్లాసు కంటే ఆ గ్లాసు తర్వాత వచ్చే సిగ్గూ, నేనింతే నా బతుకింతే అనే మాటా మనిషిని ఎక్కువ ముంచుతాయని. ఇంటికెళ్తే మా అమ్మ అనేసింది, "నీ 14 నెలలూ నాటకమేనా" అని. ఆ రాత్రి నుంచి ఏడు నెలలు తాగా. నిజానికి ఆ 14 నెలలు ఎక్కడికీ పోలా, ఆ నెలల్లో నేర్చుకున్నదే 2013లో పనికొచ్చింది, కానీ ఆ రాత్రి ఎవరన్నా ఆ మాట చెప్పుంటే బాగుండేది.

ఆయన మళ్లీ తాగొచ్చిన రాత్రి మీరేం చేయాలంటే, ఏమీ మాట్లాడకండి. తాగినోడితో న్యాయం మాట్లాడటం గోడతో మాట్లాడటమే. కొట్టే రకమైతే పిల్లల్ని తీసుకుని పక్కింటికో పుట్టింటికో వెళ్లిపోండి, అందులో మొహమాటం వద్దు, ఆయన జబ్బు మీ ఒంటి మీద దెబ్బలకి కారణం కాకూడదు. పొద్దున టీ ఇచ్చి ఒక్కటే అడగండి, "నిన్నటి ముందు వారం ఏమైంది" అని. ఎందుకు తాగావు అంటే అబద్ధం చెప్తాడు, ముందు వారం ఏమైంది అంటే ఆలోచిస్తాడు.

ఒక్క పెగ్గు కంట్రోల్లో తాగుతా అంటాడు చూడండి, దాని గురించి. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ వాళ్లతో చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో దేశం మొత్తం మీద తాగేవాళ్లు దాదాపు 16 కోట్లని, అందులో పూర్తిగా బానిసలైనోళ్లు 2.9 కోట్ల దాకా అని తేలింది. అంటే తాగే వాళ్లలో ఎక్కువమంది మన లెక్కలోకి రారు. మీ ఆయన పక్కన కూర్చునే ఫ్రెండు ఆ ఎక్కువమందిలో వాడు కావచ్చు, రెండు పెగ్గులేసి ఇంటికెళ్లి పడుకుంటాడు. వాణ్ణి చూసి వాడికి కుదిరింది నాకెందుకు కుదరదు అనుకుంటాడు ఈయన. షుగర్ ఉన్నోడు పక్కోడి లడ్డూ చూసి అనుకున్నట్టు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఆరు మాలలు పట్టింది.

టాబ్లెట్ల గురించి, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మీకు ఎవరో చెప్పుంటారు, తెలీకుండా సాంబార్లో కలిపేయొచ్చు అని. వద్దమ్మా, దండం పెడతా. అలా కలిపే వాటిల్లో ఎక్కువగా ఉండేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉన్నప్పుడు తాగితే మద్యం సగంలో అరగకుండా ఆగిపోయి విషం లాగా పేరుకుంటుంది, మొహం ఎర్రగా అయిపోవడం, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, గుండె జబ్బున్నోళ్లకి ప్రాణం మీదకి కూడా వచ్చుద్ది. టాబ్లెట్ ఆపిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉండొచ్చు. ఆయనకి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూసి రాస్తే, రోజూ మీ చేతుల మీదుగా వేసుకుంటే అదే టాబ్లెట్ కొంతమందికి బాగా పని చేస్తుంది, ఎందుకంటే అది కూడా మాల లాంటిదే, పొద్దున ఒక్కసారి నిర్ణయం తీసుకుంటే సాయంత్రం మళ్లీ తీసుకోనక్కర్లా. తాగాలనే యావ తగ్గించేవి వేరే ఉన్నాయి, నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని, లివర్ కిడ్నీ టెస్టులు చూసి సైకియాట్రిస్టు ఇస్తారు. పేపర్లో యాడ్ ఇచ్చే పొడుల జోలికి పోకండి, మా అక్క నాకు మూడు వేలు పెట్టి తెప్పించింది, నాకు విరేచనాలు తప్ప ఏమీ కాలేదు.

ఇంకో ప్రమాదం, రోజూ పొద్దున నుంచే తాగే మనిషి అయితే మాల కోసమైనా సరే ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, లేనివి కనపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, అది ప్రాణాపాయం. నాకు మూడో మాలప్పుడు మూడో రోజు హారతి పళ్లెం పట్టుకోలేనంత వణుకు, భక్తి అనుకున్నారు అందరూ, నేనూ అనుకున్నా. 2020 లాక్‌డౌన్ మొదలై వైన్ షాపులూ కల్లు దుకాణాలూ మూసేసిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇట్టాంటి వాళ్లు ఎంతమంది వచ్చారో టీవీల్లో చూసుంటారు. ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించి, ఆ నాలుగైదు రోజులకి టాబ్లెట్లూ బీవన్ విటమినూ రాయించుకుని ఆపితే ఈ గొడవ ఉండదు. ఇంకోటి, 41 రోజులు ఆపాక ఒంటికి పాత ఓర్పు తగ్గుద్ది, మాల తీసిన రాత్రి పాత లెక్కలో ఫుల్ బాటిల్ లాగితే అది మామూలు రోజుల్లో లాగిన దానికంటే ప్రమాదం.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అని వినుంటారు, దాని పుట్టుకే ఈ 42వ రోజు లాంటి సాయంత్రం మీద ఉంది. 1935 మే నెల, బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి మానేసి అయిదు నెలలైంది, అమెరికాలో యాక్రన్ అనే ఊరికి ఒక డీల్ కోసం వెళ్లాడు, అది తిరగబడింది. తెలియని ఊరు, జేబులో డబ్బుల్లేవు, వారాంతం, హోటల్ లాబీలో ఒక పక్క బార్ లోంచి నవ్వులు వినపడుతున్నాయి, ఇంకో పక్క ఫోన్ ఉంది. ఆయన ఫోన్ వైపు నడిచాడు. ఊళ్లో చర్చిల నంబర్లకి చేసి, నాలాంటి తాగుబోతు ఇంకొకడు ఎవరన్నా ఉన్నాడా మాట్లాడాలి అని అడిగాడు, అట్టా దొరికినాయన డాక్టర్ బాబ్ స్మిత్, ఆయనప్పటికి ఇంకా తాగుతున్నాడు. ఆ ఇద్దరి మాటల్లోంచి వచ్చిందే ఇదంతా. ఇప్పుడు మన దగ్గర కూడా తెలుగులో మీటింగులు జరుగుతున్నాయి, డబ్బులు అడగరు, పేరు అడగరు. ఇంట్లో వాళ్ల కోసం అల్ అనాన్ అని వేరేగా ఉంది, ఆయన వెళ్లకపోయినా మీరు వెళ్లొచ్చు. అందరికీ నచ్చదు ఆ పద్ధతి, మా ఫ్రెండ్ ఒకడు రెండు సార్లొచ్చి బోర్ అని మానేసి సైకియాట్రిస్ట్ దగ్గర మందులతో, పొద్దున షటిల్ ఆటతో నిలబడ్డాడు, అదీ దారే. ఫోన్లో అడగాలంటే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416, రెండూ ఫ్రీనే, టెలిమానస్ లో తెలుగులో మాట్లాడతారు.

మీ చివరి ప్రశ్న, ఈసారి మాల వేస్తానంటే వేయనివ్వాలా వద్దా అని. వేయనివ్వండి. 41 రోజులు ఒళ్లు తేరుకుంటుంది, నిద్ర కొంచెం గాడిన పడుద్ది, ఆయన మామూలు బుర్రతో మాట్లాడే రోజులు మీకు దొరికేవి అవే. కాకపోతే 20వ రోజు అటూఇటూగా, పూజ అయ్యాక, కూర్చోబెట్టి 42వ రోజు గురించి మాట్లాడండి. తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, కాగితం పెన్ను తీసుకోండి. కొండ నుంచి ఏ బండిలో వస్తున్నారు, ఆ బండిలో తిరుగు ప్రయాణంలో తాగే బ్యాచ్ ఉందా, ఉంటే వేరే వాళ్లతో వెళ్లడం కుదురుద్దా. మాల తీయడం పొద్దున పెట్టుకోండి సాయంత్రం కాదు, తీయగానే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లేట్టు అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి. ఆ వారం ఏటీఎం కార్డు, ఫోన్‌పే మీ దగ్గర, ఆయన ఒప్పుకుంటేనే. పొద్దున స్నానం, సాయంత్రం స్నానం ఆపొద్దు, మాల లేకపోయినా ఏ గుడికీ తాళం వేయరు, భజనకి వెళ్లొచ్చు. ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడే రెండు ముక్కలు ఖాయం చేసుకోమనండి, "టాబ్లెట్లు వాడుతున్నా, పడదు" అంతే, కథ చెప్పకూడదు, కథ చెప్తే వాదన మొదలవుద్ది. నేను ఇప్పటికీ పెళ్లిళ్లలో అదే చెప్తా, పన్నెండేళ్లు దాటినా టాబ్లెట్లే వాడుతున్నా.

ఆ రాత్రి ఫోన్ చేయడానికి ఒక మనిషి కావాలి, మీరు కాకుండా, తాగి మానేసినోడు అయితే మంచిది. మీ ఊరు చెప్పలేదు మీరు, గుంటూరు విజయవాడ చుట్టుపక్కల అయితే మెసేజ్ పెట్టండి, నేను కాకపోయినా ఎవరో ఒకరు ఆ సాయంత్రం ఆరింటికి వచ్చి మీ అరుగు మీద కూర్చుంటారు. టీ మాత్రం కొంచెం స్ట్రాంగ్‌గా పెట్టాలి.